కంపెనీ బండ్లు అమ్మిన నెల

మా ఆఫీసు బండ్లన్నీ అమ్మేస్తున్నారన్న సంగతి నాకు ఎవరూ పిలిచి చెప్పలేదు. బేస్‌మెంట్‌లోకి దిగినప్పుడు కళ్లారా చూసి తెలుసుకున్నాను.

ఆ ఉదయం రెండో బేస్‌మెంట్‌లో ఎవరో ఒకాయన మా తెల్ల కారు టైరును బూటుకాలితో తన్ని చూస్తున్నాడు. అతని వెంట వచ్చిన మనిషి ఫోనుతో ఫొటోలు తీస్తున్నాడు. మా డ్రైవర్లు కొందరు స్తంభానికి ఆనుకుని, తమ ఇంట్లో సామాను ఎవరో తిరగేస్తుంటే చూస్తున్నట్టు నిలబడ్డారు.

"ఎవరండీ మీరు?" అని అడిగాను.

"ఫైనాన్స్ సారు రమ్మన్నడు మేడం. పాత బండ్ల బిజినెస్ మాది. మొత్తం ఒక్క రేటుకు లేపేస్తం. మీకేం పరేషాన్ ఉండది," అన్నాడతను, ఇంకో టైరు దగ్గరికి నడుస్తూ.

నేను హైటెక్ సిటీలోని ఒక మధ్యతరహా సాఫ్ట్‌వేర్ కంపెనీలో ట్రాన్స్‌పోర్ట్ మేనేజరుని. పెళ్లయి కాకినాడ నుంచి వచ్చి నల్లగండ్లలో కాపురం పెట్టిన కొత్తలో ఇక్కడే రిసెప్షన్‌లో చేరాను. షిఫ్టు దిగిన అమ్మాయిలు ఇంటికి చేరడానికి పడే అవస్థ చూసి, సొంత బండ్లు కొందామని కంపెనీని ఒప్పించిన వాళ్లలో నేనూ ఉన్నాను. షోరూముకు వెళ్లి ఒక్కొక్క కారునీ చూసి తీసుకున్నదీ నేనే. కొన్నేళ్లలో కార్లు పద్దెనిమిది, వ్యాన్లు నాలుగు అయ్యాయి. ఏ బండి ఏ దారిలో తిరుగుతోందో, దేని ఏసీ ఎండాకాలంలో మొరాయిస్తుందో నాకు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. అలాంటిది, వాటిని అమ్ముతున్నారని బయటి మనిషి నాకు చెబుతున్నాడు.

నేరుగా ఫైనాన్స్ హెడ్ గదికి వెళ్లాను. ఆయనదీ మా గోదావరి వైపే. పని మీద మాట పట్టింపు తప్ప మనిషి చెడ్డవాడు కాదు.

"సార్, బండ్లు అమ్ముతున్నట్టు నాకు తెలియదండి."

"చెబుదామనే అనుకున్నానమ్మా. ఈ వారం నుంచే ట్రాన్స్‌పోర్ట్ అంతా ఎలక్ట్రిక్ క్యాబ్‌ల కాంట్రాక్టుకి ఇచ్చేశాం. ఇక సొంత బండ్లతో పనేముంది? ఈయన మొత్తానికి ఒక రేటు చెప్పాడు. ఈ వారంలో ఇచ్చేద్దాం. తరుగుదల తీసేస్తే బుక్స్‌లో వాటికి విలువేం మిగల్లేదు కూడా."

"బుక్స్‌లో మిగల్లేదేమో గానీ, బేస్‌మెంట్‌లో ఉన్నాయి కదండీ."

ఆయన కంప్యూటర్ మీంచి చూపు తిప్పి నా వైపు చూశాడు. ఆ డీలరు చెప్పిన రేటెంతో అడిగాను. చెప్పాడు. బండ్ల సంఖ్యతో భాగిస్తే ఒక్కో కారుకి వచ్చేది మరీ తక్కువ. మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన ఆ మధ్యే, మా కార్లకంటే పాతదాన్ని, దానికి దాదాపు రెట్టింపుకి అమ్మాడు.

అదే చెప్పాను. "ఒకటి అమ్మడం వేరు, ఇన్ని అమ్మడం వేరు. ఎవరు తిరుగుతారమ్మా వాటి వెనకాల?" అన్నాడాయన.

"నేను తిరుగుతానండి."

అనుకుని అన్న మాట కాదది. నోట్లోంచి వచ్చేసింది. కానీ వచ్చాక వెనక్కి తీసుకోవాలనిపించలేదు. ఆయన క్యాలెండరు వైపు చూసి, "రెండో బేస్‌మెంట్ అద్దె నెలాఖరుతో అయిపోతుంది. అప్పటిదాకా మీ ఇష్టం. ఆ రోజుకి ఏ బండి మిగిలితే అది ఆయనకే, ఆయన చెప్పిన రేటుకే," అన్నాడు. నేను లేచి తలుపు దాకా వెళ్లాక, "మీ పొజిషన్ గురించి కూడా ఆ తర్వాత కూర్చుని మాట్లాడదాం," అని కలిపాడు.

బండ్లు లేని చోట ట్రాన్స్‌పోర్ట్ మేనేజరు ఎందుకన్నది ఎవరికైనా వచ్చే ప్రశ్నే. లిఫ్టులో కిందికి దిగుతూ నేనూ అదే అనుకున్నాను. అయినా ఆ సమయంలో నా బెంగ ఉద్యోగం గురించి కాదు. ఇన్నేళ్లు జాగ్రత్తగా చూసుకున్న వాటిని పాత ఇనుము లెక్కన తోలుకుపోతామంటే చూస్తూ ఊరుకోకూడదన్న పట్టుదల ఒక్కటే గట్టిగా ఉంది.

మా డ్రైవర్లందరిలో పెద్దాయన కొత్తగూడ పక్క ఊరివాడు. ఊరంటే ఇప్పుడు ఊరి పేరు మాత్రమే మిగిలింది. ఆయన చిన్నప్పుడు జొన్న చేలున్న చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్లున్నాయి. డ్రైవర్లలో చాలామందిని క్యాబ్‌ల కంపెనీ తీసుకుంటానంది. ఈయనకూ పిలుపు వచ్చింది.

"ఏంది మేడం, నిజంగనే అమ్ముతున్నరా?" అని అడిగాడు బేస్‌మెంట్‌లో.

"అమ్మక తప్పదన్నా. కానీ అడ్డికి పావుసేరు లెక్కన అమ్మను. నెల టైం అడిగాను."

ఆయన తాళాల గుత్తి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ ఆలోచించాడు. "గట్లయితె ఈ నెల నేను మీతోనే ఉంట. క్యాబులోళ్లకు వచ్చే నెల వస్తనని చెప్త," అన్నాడు.

మర్నాటి నుంచి ఇద్దరం పని మొదలుపెట్టాం. అదనంగా ఉంచిన కొన్ని బండ్లు వారాల తరబడి కదలక బ్యాటరీలు దిగిపోయి ఉన్నాయి. స్టార్టు కాని బండిని చూడగానే కొనేవాడి మొహం మారిపోతుంది, ఇంజను ఎంత బాగున్నా నమ్మడు. అందుకని ముందు అన్నిటికీ ప్రాణం పోసి, రోజూ ఉదయం ఒక చుట్టు తిప్పడం నియమంగా పెట్టుకున్నాం. తర్వాత ఒక్కో బండినీ బాలానగర్‌లో మాకు అలవాటున్న షెడ్డుకు తీసుకెళ్లాం.

షెడ్డు యజమాని మాకు చాలాకాలంగా తెలిసినవాడు. అన్ని బండ్లకూ కొత్త రంగు వేయిద్దామన్నాడు. "మస్తు మెరుస్తయ్ మేడం. చూసినోడు రేటు కూడ అడగడు," అని ఊరించాడు.

నాకూ ఆశ పుట్టింది. కానీ రంగు వేయించడానికి అయ్యే ఖర్చు అమ్మకంలో తిరిగి వస్తుందా అని అడిగితే, ఆయన నవ్వేసి నిజం చెప్పాడు. రాదు. పైగా పాత బండికి మొత్తం కొత్త రంగు ఉంటే, ఏ దెబ్బ దాచడానికి వేశారోనని కొనేవాడు అనుమానిస్తాడు. ఆ మాటతో నాకో దారి దొరికింది. కొనేవాడికి భయం పోగొట్టేదానికి ఖర్చు పెట్టాలి, అందానికి అక్కర్లేదు. బ్రేకులు, ఏసీ, మసకబారిన హెడ్‌లైట్లు, కిందికి దిగని అద్దాలు బాగుచేయించాం. చిన్న చిన్న సొట్టలు తీయించాం. అరిగిన టైర్లు మాత్రం మార్చలేదు, అరిగాయనే చెబుదామనుకున్నాం.

లోపల శుభ్రం చేయించడం నేను అనుకున్నదానికంటే పెద్ద పనయింది. సీట్లు ఊడదీస్తే వాటి కింద ఒక లోకమే ఉంది. జడ క్లిప్పులు, ఐడీ కార్డులు, చార్జర్లు, ఎండిపోయిన మల్లెమొగ్గలు, చంటిపిల్ల సాక్సు ఒకటి. ఒక కారులో సీటు పట్టాల సందులో బంగారు దిద్దు దొరికింది. అన్నీ ఒక డబ్బాలో వేసి కేఫెటేరియాలో పెట్టించాను. ఆ సాయంత్రమే టెస్టింగ్ విభాగంలో పనిచేసే అమ్మాయి పరుగున వచ్చి దిద్దు చేతిలోకి తీసుకుని అక్కడే కుర్చీలో కూర్చుండిపోయింది. "మా అత్తగారు పెట్టినవండీ ఇవి. నేనే ఎక్కడో అమ్ముకున్నానని ఇన్నాళ్లూ మాటలు పడ్డాను," అంది. ఆ అమ్మాయి వెంటనే వాళ్లాయనకి ఫోన్ చేసి, ఫోన్ అత్తగారికి ఇవ్వమని చెప్పింది. నేను పక్కకి వచ్చేశాను గానీ, ఆ అమ్మాయి గొంతు పక్క టేబుళ్ల దాకా వినిపించింది.

తలుపుల మీదున్న కంపెనీ పేరు స్టిక్కర్లు తీయడానికి ఇంటి నుంచి నా హెయిర్ డ్రయ్యరు తెచ్చాను. వేడి తగిలించి మెల్లగా లాగితే ఊడొచ్చేవి. కానీ వాటి కింద రంగు ఎండ తగలక కొత్తగా ఉండిపోయింది, దూరం నుంచి కూడా పేరు చదవగలిగేలా. కంపెనీలో తిరిగిన బండి అని తెలిస్తే ఇష్టం వచ్చినట్టు తోలి ఉంటారనుకుంటారు. పాలిష్ పెట్టి రుద్ది రుద్ది చేతులు నొప్పి పుట్టాయి. చివరికి ఆ గుర్తు మాసింది గానీ పూర్తిగా పోలేదు. పోయినంతవరకూ చాలనుకున్నాం.

ఇక కాగితాల సంగతి. సగం బండ్ల ఆర్‌సీల మీద, అప్పు ఎప్పుడో తీరిపోయినా, బ్యాంకు పేరు అలాగే ఉంది. అది కొట్టేయించకపోతే బండి కొన్నవాళ్ల పేరు మీదికి మారదు. కట్టని పాత చలాన్లున్నాయి. రెండో తాళాలు కనబడవు. బ్యాంకు చుట్టూ నేను, ఆర్టీవో ఆఫీసు చుట్టూ పెద్దాయన తిరిగాం. సర్వీసు చేయించిన చోటల్లా అడిగి ప్రతి బండి చరిత్రా తెప్పించాం. ఇవన్నీ చేస్తున్నంతసేపూ ఆ డీలరు రోజు మార్చి రోజు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. "ఎందుకు మేడం గింత కష్టం? మాకిస్తే కాయితాలు గియితాలు మేమే చూస్కుంటం గద," అనేవాడు. అలా ఇచ్చిన బండ్లు ఏళ్ల తరబడి పాత యజమాని పేరు మీదే తిరిగి, ఏ ప్రమాదం జరిగినా పోలీసులు అతని తలుపే తడతారని నాకు తెలుసు. వద్దని మర్యాదగా చెప్పేదాన్ని.

నెల సగానికి వచ్చేసరికి బండ్లన్నీ తయారయ్యాయి. ముందుగా డీలర్లతోనే టెండరు పిలుద్దామన్నాడు ఫైనాన్స్ హెడ్. అది న్యాయంగానే తోచింది. మొదటి డీలరుతో పాటు మరో ముగ్గురిని పిలిచాం. బండ్లు చూసుకుని, మర్నాడు ఎవరి రేటు వాళ్లు కవరులో పెట్టి ఇవ్వాలన్నాం. ఒకరికొకరు పరిచయం లేనట్టే చూసి వెళ్లారు నలుగురూ.

ఆ సాయంత్రం బాలానగర్ నుంచి వస్తూ కొత్తగూడ జంక్షన్‌లో ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాను. ఫ్లైఓవర్ పక్కన టీ కొట్టు ముందు ఆ నలుగురూ కనిపించారు. మొదటి డీలరు మధ్యలో నిలబడి ఏదో చెబుతున్నాడు, మిగతా ముగ్గురూ గ్లాసులు పట్టుకుని నవ్వుతున్నారు.

మర్నాడు కవర్లు తెరిచాం. ఒకాయన చిన్న కార్లకు మాత్రం మిగతావాళ్లకంటే కొంచెం ఎక్కువ రాశాడు. ఇంకొకాయన పెద్ద కార్లకు, మరొకాయన వ్యాన్లకు. ఆ ఎక్కువ రేట్లన్నీ వరసగా కూడితే, మొదటి రోజు ఆ డీలరు చెప్పిన మొత్తమే వచ్చింది. నేను రెండుసార్లు కూడి చూసి కాగితం ఫైనాన్స్ హెడ్ ముందుకు జరిపాను. టీ కొట్టు దగ్గర చూసింది కూడా చెప్పాను.

"కలిసి టీ తాగడం నేరమా అమ్మా?"

"నేరం కాదండీ. కానీ నలుగురూ కలిసి పంచుకున్నారు. ఈ టెండరు రద్దు చేయాలి."

"మీ అనుమానం మీద కంపెనీ నడవదు. సగం నెల అయిపోయింది."

"ఇంకో సగం ఉంది కదండీ. పైగా మీరన్న గడువుకి మిగిలితే ఎలాగూ అదే రేటు. ఇప్పుడు రద్దు చేస్తే మనకి పోయేదేమీ లేదు."

ఆయనకి కోపం వచ్చింది. కుర్చీ వెనక్కి జరిపి కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. నేను కూడా లేవలేదు. చివరికి, "సరే, రద్దు. కానీ బాధ్యత మీదే," అన్నాడు. నాదేనండి అని కవర్లు తీసుకుని వచ్చేశాను.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా ఆయన, "ఎందుకంత పట్టుదల? నీ సొంత బండ్లా?" అన్నాడు. కాదు. నా సొంతం కాదు కాబట్టే పట్టుదల. సొంతవైతే నష్టపోయే హక్కు నాకుండేది. ఆయనకి ఆ మాట చెబితే తల ఊపి పప్పు గిన్నె ఇటు జరిపాడు.

ఈసారి ఒక్కొక్క బండినీ విడిగా అమ్మాలని నిర్ణయించాను. ఒక తనిఖీ మనిషిని పిలిపించి ప్రతి బండినీ చూపించాం. అదే మోడలు, అదే వయసున్న బండ్లు బయట ఎంతకు పోతున్నాయో ఆన్‌లైన్‌లో చూశాం. ఆ రెండూ కలిపి ఒక ధర నిర్ణయించి, ముందద్దం మీద కాగితం అంటించాం. బేరం లేదు. ధరతో పాటు ఆ బండి గురించి మాకు తెలిసినవన్నీ రాశాం. టైర్లు అరిగాయి, క్లచ్ మార్చి ఏడాదయింది, వెనక తలుపు గట్టిగా వేయాలి, ఇలా. ముందు ఆఫీసువాళ్లకి, తర్వాత బయటివాళ్లకి. ముందు టోకెన్ అడ్వాన్సు ఇచ్చినవాళ్లదే బండి.

ఒక బూడిదరంగు కారు ఎప్పుడో సర్వీసు రోడ్డులో లారీకి తగిలి ముందు భాగం బాగా దెబ్బతింది. బాగుచేయించాక అసలు తెలిసేది కాదు. ఆ సంగతి కూడా రాస్తుంటే హెచ్‌ఆర్‌లో పనిచేసే స్నేహితురాలు చూసి, "నీకేమైనా పిచ్చా? ఇది రాస్తే ఎవరు కొంటారు?" అంది.

"దీన్ని కొనకపోయినా, మిగతావి నమ్ముతారు," అన్నాను. కాగితం తీసుకెళ్లి అద్దం మీద అంటించాను.

శనివారం బయటివాళ్లను రానిచ్చాం. నల్లగండ్ల నుంచి ఒక పెద్దమనిషి భార్యతో వచ్చారు. ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారట. ప్రతి కాగితమూ కళ్లజోడు సర్దుకుని చదివారు. బూడిదరంగు కారు దగ్గర ఆగి నన్ను పిలిచారు.

"ఇది నిజమేనా అండి? దెబ్బ తగిలిందని మీరే రాశారా?"

"మేమేనండి. బిల్లులు కూడా ఉన్నాయి, చూపిస్తాను."

"నెల రోజులుగా బండి కోసం తిరుగుతున్నాం. ఒక్కడు కూడా దెబ్బ తగిలిందని చెప్పలేదు. మా మెకానిక్ చూసి చెప్పేదాకా అన్నీ కొత్తవే." ఆయన ఆ కారు కొనలేదు. దాని పక్కనున్న ఎర్ర కారు, అడిగిన ధరకే, ఇంకెవరికీ చూపించకుండా తీసుకున్నారు. మర్నాడు వాళ్ల అపార్ట్‌మెంట్ నుంచి ఇంకో రెండు కుటుంబాలు వచ్చాయి. బూడిదరంగు కారును నాలుగు రోజుల తర్వాత, దానికి తగ్గ ధరకి, కారు నడపడం నేర్చుకుంటున్న కొడుక్కి ఇవ్వడానికని ఒకావిడ కొనుక్కెళ్లింది.

ఈ నెల మొత్తంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది పెద్దాయన విషయం. ఆయన ఎన్నో ఏళ్లుగా నడిపిన నీలం కారును, ఆఫీసువాళ్లకి అమ్మకం మొదలైన రోజే ఒక టీమ్ లీడ్ టోకెన్ ఇచ్చి తీసుకున్నాడు. పెద్దాయన ఆ పొద్దున మా పని మీదే ఆర్టీవో ఆఫీసులో ఉన్నాడు. మధ్యాహ్నం వచ్చి, అద్దం మీద 'అమ్ముడైంది' అన్న కాగితం చూసి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

"దాన్ని నేను తీస్కుందామనుకున్న మేడం," అన్నాడు మెల్లగా. "ఇంట్ల అడిగి, ఇయ్యాల మీకు చెప్దామని వచ్చిన."

"ఒక్క మాట ముందే అనుండాల్సిందన్నా," అన్నాను. ముందు టోకెన్ ఇచ్చినవాళ్లదే బండి అన్నది నేనే పెట్టిన నియమం. దాన్ని నేనే మార్చితే ఇక ఎవరూ నమ్మరు. అయినా మనసొప్పక ఆ టీమ్ లీడ్ దగ్గరికి వెళ్లాను. పరిస్థితి చెప్పి, "మీరు తప్పుకోవాలని కాదండీ, అడగకపోతే నాకు నిద్ర పట్టదని అడుగుతున్నాను," అన్నాను.

ఆ అబ్బాయి ఇబ్బందిగా చూశాడు. "మా నాన్నగారికి డయాలసిస్ అండి. వారంలో మూడుసార్లు తీసుకెళ్లాలి. క్యాబ్‌ల కోసం రోడ్డు మీద నిలబెట్టలేకపోతున్నాను. ఆ కారులో నేను చాలాసార్లు ఎక్కాను, అది బాగుంటుందని తెలిసే తీసుకున్నాను."

కిందికి వచ్చి పెద్దాయనకు ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన వినీ వినగానే, "దవాఖానకా? అయితె ఆయనకే ఇయ్యుండ్రి మేడం. నాదేముంది," అన్నాడు. ఆ సాయంత్రం టీమ్ లీడ్‌ని పక్కన కూర్చోబెట్టుకుని కారు ఒక చుట్టు తిప్పి చూపించాడు. ముందు సీటు పూర్తిగా వెనక్కి వాల్చడమెలాగో, పెద్దవాళ్లు దిగేటప్పుడు తలుపు ఎంతవరకు తెరుచుకుంటుందో చెప్పాడు.

రెండు రోజుల తర్వాత ఆయన వేరే తెల్ల కారు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అది ఎక్కువ తిరిగిన బండి. ఫైనాన్స్ హెడ్‌తో మాట్లాడి కొంత తగ్గిస్తానని అన్నాను, ఇన్నేళ్ల సర్వీసు ఉంది కదా. ఆయన ఒప్పుకోలేదు.

"జర కూడ తగ్గియ్యొద్దు మేడం. రేపు ఎవడన్న, డ్రైవరుకు సస్తగ ఇచ్చిన్రు అంటే మీకు మాట. కాయితం మీద ఏముందో గదే కడ్త."

అలాగే కొన్నాడు. ఇప్పుడు దానికి పక్క సీటు దగ్గర రెండో బ్రేకు పెట్టించి, డ్రైవింగ్ స్కూలు లైసెన్సు తీసుకుని, కొత్తగూడ, కొండాపూర్ వైపు ఆడవాళ్లకి డ్రైవింగ్ నేర్పుతున్నాడు. క్యాబ్‌ల కంపెనీకి వెళ్లనే లేదు.

నెల చివరికి వస్తుండగా కార్లన్నీ పోయాయి. వ్యాన్లే మిగిలాయి. వ్యాన్లంటే మామూలు ఇళ్లవాళ్లు కొనరు. ఈ సంగతి డీలరుకీ తెలుసు. ఆఖరి వారంలో తనే వచ్చాడు. ఈసారి టైరు తన్నలేదు, కానీ నవ్వు మాత్రం అలాగే ఉంది.

"వ్యాన్లు ఎవరు కొంటరు మేడం? ఐదారు రోజులల్ల ఎట్లయిన నా తానకే వస్తయ్ గద. ఇప్పుడే ఇచ్చేయుండ్రి, జర ఎక్కువ ఇస్త."

"కాగితం మీదున్న ధర ఇవ్వండి, ఈ క్షణమే తీసుకెళ్లండి," అన్నాను. నవ్వి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి నా పని ఫోన్లే. వ్యాను ఎవరికి అవసరం అని ఆలోచించి, ఫంక్షన్ హాళ్లకి, ఫ్యాక్టరీలకి, కాలేజీలకి వరసపెట్టి చేశాను. చాలామంది వద్దన్నారు, కొందరు విసుక్కున్నారు. బాలానగర్ షెడ్డు యజమాని తన షెడ్డు పక్కనున్న ఫ్యాక్టరీలో చెప్పిపెట్టాడు. వాళ్లకి పనివాళ్లను తేవడానికి రెండు కావాలట. వచ్చి చూసి, రెండు రోజుల్లో తీసుకెళ్లారు. ఇంకా రెండు మిగిలాయి.

సంగారెడ్డి దగ్గరున్న ఒక నర్సింగ్ కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. మర్నాడే ఆ కాలేజీ నడిపే ఆవిడ తన మెకానిక్‌ని వెంటపెట్టుకుని వచ్చింది. పిల్లలను హాస్టలు నుంచి ఆస్పత్రికి డ్యూటీలకు తీసుకెళ్లడానికి కావాలంది. గట్టి మనిషి. గంటసేపు బేరమాడింది.

"మీరు తగ్గించకపోతే నేను పోతనమ్మా," అని రెండుసార్లు గేటు దాకా వెళ్లి వచ్చింది.

"ధర తగ్గించలేనండి. తగ్గిస్తే ముందు కొన్నవాళ్లకి నేను సమాధానం చెప్పుకోవాలి. కానీ ఫిట్‌నెస్ పరీక్ష మేమే చేయించి ఇస్తాం. బండ్లు మీ కాలేజీ దాకా మేమే తెచ్చి అప్పజెబుతాం. పేరు మారే పని పూర్తయ్యేదాకా మా మనిషి మీ వెంట ఉంటాడు," అన్నాను.

ఆవిడ మెకానిక్ వైపు చూసింది. అతను, "ఇంజన్లు సాఫున్నయ్ అమ్మా," అన్నాడు. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చెక్కుబుక్కు తీసింది.

నెలాఖరు రోజు ఉదయం పెద్దాయన ఒక వ్యాను, ఇంకో డ్రైవరు మరో వ్యాను తీశారు. నేను పెద్దాయన పక్కన కూర్చున్నాను. కాలేజీ ఆవరణలోకి వెళ్లేసరికి తెల్ల కోట్లు వేసుకున్న అమ్మాయిలు గుంపుగా బయటికి వచ్చారు. ఇంతవరకూ వాళ్లు ఆటోల్లో ఇరుక్కుని వెళ్లేవారట. బండి ఆగగానే పదిమంది ఎక్కేసి కిటికీ సీట్ల కోసం తోసుకోవడం మొదలుపెట్టారు. పెద్దాయన దిగకుండా స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అద్దంలోంచి వాళ్లను చూస్తూ కూర్చున్నాడు. తర్వాత దిగి, వాళ్ల డ్రైవరుకి తాళాలు ఇచ్చి, గేరు ఎక్కడ కాస్త బిగుతుగా పడుతుందో చూపించాడు.

తిరుగు ప్రయాణం ఆర్టీసీ బస్సులో. కిటికీ పక్క సీటు దొరికింది. పటాన్‌చెరు దాటుతుంటే ఫైనాన్స్ హెడ్ ఫోన్ చేశాడు.

"బేస్‌మెంట్ తాళాలు బిల్డింగ్ వాళ్లకి ఇచ్చేశారటగా. మొత్తం లెక్క చూశానమ్మా." ఆ డీలరు చెప్పినదానికంటే చాలా ఎక్కువే వచ్చిందని ఇద్దరికీ తెలుసు. "పుణే బ్రాంచ్‌లో కూడా బండ్లు తీసేస్తున్నారు. మనకంటే ఎక్కువున్నాయి. ఇలా ఒకరు చేశారని చెబితే మిమ్మల్ని పంపమంటున్నారు. మీ పొజిషన్ గురించి మాట్లాడదామన్నాను కదా, అది ఇదే. వెళ్తారా?"

బస్సు కుదుపుకి ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాను. సంతోషంతో గబుక్కున ఒప్పుకునేదాన్నే. కానీ ఈ నెలలో నేర్చుకున్నది కూడా గుర్తుంది.

"వెళ్తానండి. కానీ కొన్ని సంగతులు ముందే అనుకుందాం. నేను చూసేదాకా ఏ డీలరునీ లోపలికి రానివ్వకూడదు. కాగితాలు సరిచేయడానికి తగినంత టైం కావాలి. ధర నిర్ణయించాక మార్చమని పైనుంచి ఎవరూ ఫోన్ చేయకూడదు."

అటువైపు నవ్వు వినిపించింది. "ఇంకేమైనా ఉన్నాయా?"

"నాతో పాటు బండ్లు తెలిసిన మనిషి ఒకరు రావాలి. ఆయన రానూపోనూ ఖర్చులు కంపెనీవే."

పక్క సీట్లో పెద్దాయన ఇటు తిరిగి, "ఎక్కడికి మేడం?" అన్నాడు. పుణేకి అన్నా, అని చెప్పాను. ఆయన రెండు క్షణాలు ఆలోచించి, "నా క్లాసులు పదో తారీఖు నుంచి షురూ ఐతయ్. వారం కంటె ఎక్కువ ఉండరాదు మరి," అన్నాడు. ఆ షరతు కూడా చేర్చి ఫైనాన్స్ హెడ్‌కి చెప్పాను. అన్నీ మెయిల్‌లో రాసి పంపమన్నాడు. బస్సు లింగంపల్లి చేరేలోపు ఫోనులోనే టైపు చేసి పంపించాను.